ప్రజాస్వామ్యం మీద పది వారాల ఆన్‌లైన్ కోర్సు చేశా: ఓడిపోయిన ఓటు, నచ్చని గెలుపు

కోర్సు పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. పైగా ఇలాంటివి ఇప్పుడు చాలా నడుస్తున్నాయి కాబట్టి మీరు ఏది తీసుకున్నా ఇందులో కొంతైనా పనికొస్తుంది. సమకాలీన ప్రజాస్వామ్య సిద్ధాంతం, ఇప్పటి సవాళ్లు అనే టాపిక్, మొత్తం పది వారాలు. వారానికి నాలుగైదు వీడియోలు, ఒక లైవ్ సెషన్, ఒక క్విజ్, చివర్లో ఒక పెద్ద వ్యాసం. ఏడు, ఎనిమిది వారాల్లో ఒక మాక్ పౌరసభ (లాటరీలో ఎంపికైన మామూలు జనం కూర్చుని చర్చించి ఒక విషయం తేల్చే సభ) పెడతారు, నేను చేరింది దాని కోసమే, కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తా, ఓపిక ఉంటే చదవండి లేకపోతే చివరికి పోండి.

ముందే చెప్తున్నా, నేను ఈ సబ్జెక్టు చదువుకున్నవాణ్ణి కాదు. వార్తలు చూసి బీపీ పెంచుకునే బాపతు.

మొదటి వారం అదిరింది. ప్రజాస్వామ్యం అంటే ఏంటి అని అడిగి అందరూ చెప్పే ఆ ప్రజల చేత ప్రజల కొరకు డైలాగు పక్కన పెట్టమన్నారు. షుంపేటర్ అనే ఆర్థికవేత్త 1942లో చెప్పినదాంతో మొదలుపెట్టారు, ఆయన లెక్కలో ప్రజలు పాలించడం ఉత్త మాట, నాయకులు ఓట్ల కోసం పోటీ పడతారు, జనం వాళ్లలో ఒకణ్ణి ఎంచుకుంటారు, అంతే. చదవగానే ఒళ్లు మండుతుంది కానీ కాదనడానికి చాలాసేపు మాటలు దొరకవు. తర్వాత రాబర్ట్ డాల్ అనే రాజకీయ శాస్త్రవేత్త వచ్చి అది చాలదు, మాట్లాడే స్వేచ్ఛ ఉండాలి, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి, ప్రభుత్వం చెప్పేది కాకుండా వేరే చోట నుంచి కూడా సమాచారం దొరకాలి అంటాడు. ఇవన్నీ కొంతవరకు ఉన్న దేశాలకి ఆయన పెట్టిన పేరు పాలియార్కీ, ప్రజాస్వామ్యం అనే మాటని ఇంకా ఎవరూ అందుకోని ఆదర్శం కోసం అట్టిపెట్టుకున్నాడు. ఈ ఒక్క ముక్కతో నా బుర్రలో సగం గందరగోళం పోయింది.

కానీ ఆ వారంలో అసలు సరుకు ఆడమ్ పషెవోర్స్కీ అనే రాజకీయ శాస్త్రవేత్త. (పేరు పలకడానికి లెక్చరర్ కూడా రెండు టేకులు తీసుకున్నాడు, ఎడిట్ చెయ్యకుండా వదిలేశారు, నాకు నచ్చింది.) 1991లో ఆయన చెప్పింది చాలా సింపుల్, పార్టీలు ఎన్నికల్లో ఓడిపోయే వ్యవస్థే ప్రజాస్వామ్యం అని. గెలవడం ఎవడికైనా వచ్చు, ఓడిపోయినవాడు మారు మాట్లాడకుండా ఇంటికి పోతాడా లేదా అన్నదే పరీక్ష. ఎందుకు పోతాడు? మంచివాడై కాదు, మళ్లీ ఎన్నికలొస్తాయి అప్పుడు చూసుకుందాం అన్న నమ్మకం ఉంటేనే పోతాడు. ఆ మళ్లీ అనేది లేదని అనుమానం వచ్చిందా, ఇక కుర్చీ వదలడు.

దీనికి ఇచ్చిన ఉదాహరణలు చూడాలి. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నిక ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దగ్గర ఆగింది, సుప్రీం కోర్టు 5-4తో రీకౌంట్ ఆపేసింది, ఓడిన అభ్యర్థి అల్ గోర్ మర్నాడే టీవీలోకొచ్చి తీర్పు నాకు నచ్చలేదు కానీ ఒప్పుకుంటున్నా అన్నాడు. గాంబియాలో 2016 డిసెంబర్‌లో అప్పటి అధ్యక్షుడు యాహ్యా జామే టీవీలో ఓటమి ఒప్పుకుని వారం తిరిగేసరికి తూచ్ అన్నాడు, చివరికి పక్క దేశాల సైన్యం గుమ్మం దాకా వస్తే 2017 జనవరిలో దేశం వదిలిపోయాడు. ఇక వాషింగ్టన్‌లో 2021 జనవరి 6, బ్రెజిల్‌లో 2023 జనవరి 8, ఓడిపోయిన అధ్యక్షుల మద్దతుదారులు పార్లమెంటు భవనాల మీద పడటం, మనందరం ఫోన్లలో చూసినవే. నాలుగూ పక్కపక్కన పెట్టి ఓడిపోయినవాడు ఏం చేశాడో మాత్రమే చూడండి, గెలిచినవాణ్ణి మర్చిపోండి అన్నారు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, నా కథలో మళ్లీ వస్తుంది.

రెండో వారం క్విజ్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వీడియోలో గాలీ అనే తత్వవేత్త 1956లో చెప్పినది గంట సేపు వివరించారు, కొన్ని భావనలు ఎప్పటికీ తెగని వాదనలోనే ఉంటాయి, ప్రజాస్వామ్యం అలాంటిదే, దీనికి ఒక్కటే సరైన నిర్వచనం ఉండదు అని. సరే బాగుంది. కింద క్విజ్ ఓపెన్ చేస్తే మొదటి ప్రశ్న, కింది వాటిలో ప్రజాస్వామ్యానికి సరైన నిర్వచనం ఏది. నాలుగు ఆప్షన్లు, ఒకటే కరెక్టు. నేను రెండు సార్లు తప్పు పెట్టా. సపోర్టుకి మెయిల్ కొడితే మరోసారి వీడియో చూడండి అని ఆటోమేటిక్ రిప్లై వచ్చింది. వీడియో చూసే కదయ్యా అడుగుతున్నా!

మూడో వారం చర్చా ప్రజాస్వామ్యం. హాబర్‌మాస్ అనే జర్మన్ తత్వవేత్త మీద మూడు వీడియోలు వరసగా పెట్టారు, రెండో దాంట్లోనే నేను పడిపోయా, సిగ్గేం లేదు. సారాంశం ఏంటంటే ఓట్లు లెక్కపెట్టడం ఒక్కటే చాలదు, దాని ముందు జనం ఒకరికొకరు కారణాలు చెప్పుకోవాలి, ఆ మాటల్లో పలుకుబడి కాకుండా వాదన గెలవాలి. దాని మీద ఐరిస్ మారియన్ యంగ్ అనే అమెరికన్ సిద్ధాంతకర్త వేసిన ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది: మెల్లగా, తార్కికంగా, ఆవేశం లేకుండా మాట్లాడటం అందరికీ ఒకేలా వస్తుందా? చదువు, డబ్బు ఉన్నవాళ్ల మాటతీరే కారణంగా లెక్కయి, మిగతావాళ్ల గొంతు గోలగా లెక్కవుతుంది. అందుకే పలకరింపుకి, కథ చెప్పడానికి, మాట నేర్పుకి కూడా చోటు ఇవ్వాలంటుంది ఆవిడ. షాంతాల్ మూఫ్ అనే ఇంకో సిద్ధాంతకర్త ఇంకో మెట్టు ముందుకెళ్లి అసలు గొడవ పోదు, పోవాలని చూడొద్దు, శత్రువుని ప్రత్యర్థిగా మార్చుకోవడమే రాజకీయం అంటుంది. తెలుగులో ఈ రెండు మాటల మధ్య తేడా చిన్నపిల్లాడికి కూడా తెలుసు, శత్రువుని లేపేస్తాం, ప్రత్యర్థితో ఆడతాం. వాళ్లు దీనికి పన్నెండు నిమిషాలు తీసుకున్నారు.

నాలుగో వారం లెక్కలు. ఇది ఎవరూ మిస్ అవ్వకూడదు. కొండోర్సే అనే ఫ్రెంచ్ గణితవేత్త 1785లోనే ఒక లెక్క వేశాడు, ఒక్కొక్కరు సరైన జవాబు చెప్పే అవకాశం 60 శాతం అనుకోండి, ముగ్గురు కలిసి మెజారిటీతో తేలిస్తే అది 64.8 శాతం అవుతుంది, 101 మంది అయితే 98 దగ్గరికి పోతుంది. అబ్బో గుంపు ఎంత తెలివైందో అనిపిస్తుంది కదా, ఆగండి, అదే 60కి బదులు 40 పెట్టండి, మొత్తం తలకిందులై గుంపు దాదాపు ప్రతిసారీ తప్పే చెప్తుంది. ఇంకో మెలిక, ఎవరికి వాళ్లు విడిగా ఆలోచించాలి. అందరూ ఒకే ఫార్వర్డ్ చదివి వస్తే 101 మంది ఉన్నా ఒక్కడితో సమానం. అదే కొండోర్సే చూపించిన ఇంకో చిక్కు కూడా ఉంది, మూడు ప్రతిపాదనలుంటే మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించొచ్చు, అప్పుడు జనం కోరిక అనేదానికి మొదలూ చివరా ఉండదు. 1951లో కెన్నెత్ యారో అనే ఆర్థికవేత్త దీన్ని ఇంకా పెద్ద సిద్ధాంతం చేశాడు. వీడియోలో చూసినప్పుడు ఇదంతా కాగితం మీద ఆట అనుకున్నా. అక్కడే పప్పులో కాలేశా.

తెలివైనవాళ్లకే ఓటు ఇద్దాం అనే అమెరికన్ తత్వవేత్త జేసన్ బ్రెన్నన్ వాదన కూడా అదే వారం. 2016 నాటిది. లైవ్ సెషన్‌లో ఒకాయన గట్టిగా సమర్థించాడు, ప్రశ్నపత్రం ఎవరు తయారు చేస్తారండీ అని ఇంకొకావిడ అడిగింది, తర్వాత ఆయన మైక్ మ్యూట్‌లోనే ఉంది.

ఐదు, ఆరు వారాలు ప్రజాస్వామ్యాలు లోపల్నుంచి ఎలా పాడవుతాయి అన్నది. ట్యాంకులు రోడ్ల మీదకొచ్చే కాలం తగ్గింది, ఇప్పుడు ఎన్నికైన నాయకుడే చట్టం ప్రకారమే ఒక్కొక్క మేకూ పీకుతాడు. నాన్సీ బెర్మియో అనే రాజకీయ శాస్త్రవేత్త దీన్ని 2016లో బాగా వర్ణించింది. హంగరీ అంకెలు చూస్తే విషయం అర్థమవుతుంది: 2010లో విక్టర్ ఓర్బాన్ పార్టీ ఫిదెస్ కూటమికి ఓట్లు 53 శాతం దగ్గర, సీట్లు మూడింట రెండు వంతులు, దాంతో కొత్త రాజ్యాంగం, కొత్త ఎన్నికల చట్టం. 2014లో ఓట్లు 45 శాతానికి తగ్గినా మళ్లీ మూడింట రెండు వంతుల సీట్లే. ఒక్కో మార్పూ విడిగా చూస్తే ఏదో ఒక పాత ప్రజాస్వామ్య దేశంలో ఉన్నట్టే ఉంటుంది, అన్నీ ఒకచోట చేరితేనే అసలు బొమ్మ కనపడేది. ఇది బాగా చెప్పారు.

బాగోలేనిది ఏంటంటే రికార్డింగులు పాతవి. 2024 డిసెంబర్ 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు మార్షల్ లా పెడితే ఎంపీలు గోడలు దూకి మరీ సభలోకి వెళ్లి కొన్ని గంటల్లోనే 190-0తో కొట్టేశారు, 2025 ఏప్రిల్ 4న కోర్టు ఆయన్ని పదవి నుంచి తీసేసింది. ఇంతకంటే పాఠం ఏం కావాలి? వీడియోల్లో లేదు, లైవ్‌లో ఎవరో అడిగితే పది నిమిషాలు మాట్లాడారు. రుమేనియా కూడా అంతే. అక్కడ 2024 డిసెంబర్‌లో రాజ్యాంగ కోర్టు అధ్యక్ష ఎన్నిక మొదటి రౌండ్ మొత్తాన్నే రద్దు చేసింది, ఆన్‌లైన్ ప్రచారంలో అక్రమాలు, బయటి జోక్యం అని. ప్రజాస్వామ్యాన్ని కాపాడటానికి ఎన్నికనే రద్దు చెయ్యొచ్చా? 1937లో కార్ల్ లోవెన్‌స్టైన్ అనే జర్మన్ న్యాయ పండితుడు మొదలుపెట్టిన వాదన ఇది, శత్రువు లోపలికొచ్చి తలుపేసుకునే దాకా చూస్తూ కూర్చోవాలా అని. ఆ రోజు లైవ్‌లో జనం రెండుగా చీలిపోయారు, టైం అయిపోయిందని కట్ చేశారు. ఒక గంట ఎక్కువిస్తే ఎవరి సొమ్ము పోయింది.

ఇక అసలు విషయం, పౌరసభ.

ఐడియా పాతదే, ప్రాచీన ఏథెన్స్‌లో చాలా పదవులకి చీటీలే తీసేవాళ్లు, ఎన్నిక అంటే పేరున్నవాళ్లకీ డబ్బున్నవాళ్లకీ అనుకూలం అని వాళ్ల లెక్క. బెర్నార్డ్ మానిన్ అనే రాజకీయ సిద్ధాంతకర్త దీన్నే గట్టిగా గుర్తు చేశాడు. ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్ అయింది. ఐర్లండ్‌లో లాటరీలో వచ్చిన 99 మంది పౌరులు, ఒక అధ్యక్షురాలు కూర్చుని అబార్షన్ మీద నెలల తరబడి విని, మాట్లాడుకుని సిఫార్సు చేశారు, 2018 మేలో రిఫరెండంలో 66.4 శాతం మార్పుకి ఓటేశారు. కోర్సు మొత్తం ఈ కథనే నెత్తిన పెట్టుకుంది. 2024 మార్చిలో అదే ఐర్లండ్‌లో ఇంకో పౌరసభ నుంచి మొదలైన రెండు రాజ్యాంగ సవరణలు రిఫరెండంలో చిత్తుగా ఓడిపోయాయి, ఒకదానికైతే దాదాపు 74 శాతం వ్యతిరేకం, సభ సూచించిన పదాలని ప్రభుత్వం మార్చడం మీద కూడా అప్పుడు చాలా గొడవ నడిచింది. దీని మీద ఒక్క ముక్క లేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా సభ సూచించిన ఓటింగ్ పద్ధతికి 2005లో 57.7 శాతం వచ్చింది, కావాల్సింది 60, పోయింది. అది మాత్రం చెప్పారు, థాంక్స్.

మా మాక్ సభకి పేర్లిచ్చినవాళ్లలోంచి 27 మందిని లాటరీ తీశారు, అదృష్టం బాగుండి నేను వచ్చా. టాపిక్ చివరి వ్యాసానికి మార్కులు ఎవరు వెయ్యాలి అని. మూడు ఆప్షన్లు: తోటి విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ టూల్, కోర్సు టీమ్. సభ ఏం తేలిస్తే అది ఉన్నదున్నట్టు అమలు చేస్తాం అని మొదటి రోజే రాసిచ్చారు, స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది.

రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. చిన్న గ్రూపులు, ప్రతి గ్రూపులో ఒక మోడరేటర్, వాగేవాళ్లని ఆపడం, నోరు తెరవనివాళ్లని అడగడం, అందరికీ సమానంగా టైం. తోటివాళ్లు మార్కులేస్తే నా ఇంగ్లిష్ చూసి తగ్గిస్తారు అని ఒకాయన తనకి ఇంతకుముందు జరిగినది చెప్పాడు, అప్పుడు అర్థమైంది యంగ్ చెప్పిన కథకి చోటు అంటే ఏంటో, ఆయన వాదన ఏమీ చెయ్యలేదు, జరిగింది చెప్పాడు, ఇద్దరు ముగ్గురు అక్కడికక్కడే మారారు. నేను టీమే వెయ్యాలి అనే పక్షం.

చివరి రోజు అందర్నీ మూడింటినీ వరసలో పెట్టమన్నారు. 10 మందికి తోటివాళ్లు ఫస్టు, టీమ్ రెండు, టూల్ మూడు. 9 మందికి టీమ్ ఫస్టు, టూల్ రెండు, తోటివాళ్లు మూడు. 8 మందికి టూల్ ఫస్టు, తోటివాళ్లు రెండు, టీమ్ మూడు. కాస్త పెన్ను తీసి వేసుకోండి. తోటివాళ్లకీ టీమ్‌కీ పోటీ పెడితే తోటివాళ్లు 18-9తో గెలుస్తారు. టీమ్‌కీ టూల్‌కీ పెడితే టీమ్ 19-8. టూల్‌కీ తోటివాళ్లకీ పెడితే టూల్ 17-10. నాలుగో వారం చక్రం కళ్లముందు గిర్రున తిరిగింది! కాగితం మీద ఆట అన్నానే, అది నేను ఉన్న గదిలోనే.

మోడరేటర్ ముందు తోటివాళ్లకీ టీమ్‌కీ ఓటింగ్ పెట్టాడు, టీమ్ ఔట్. తర్వాత తోటివాళ్లకీ టూల్‌కీ, టూల్ గెలిచింది. 27 మందిలో 8 మందికే ఫస్టు ఛాయిస్ అయిన టూల్ సభ నిర్ణయం అయిపోయింది, దాన్ని 19-8తో కొట్టగల ఆప్షన్ అప్పటికే బయటికి పోయింది. వరస మారిస్తే టీమ్ గెలిచేది, ఇంకోలా మారిస్తే తోటివాళ్లు గెలిచేవాళ్లు. ఆ వరస ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడిగితే లిస్టులో ఉన్న ఆర్డరే అన్నాడు పాపం, కుట్రేమీ లేదు, ఆయనకి కూడా ఓట్లు లెక్కేశాకే అర్థమైంది. నాకు కడుపు రగిలింది కానీ మొదటి వారం గుర్తొచ్చి సరే ఓడిపోయాం, రూల్ ముందే ఒప్పుకున్నాం, నెక్స్ట్ టైం వరస గురించి ముందే కొట్లాడదాం అనుకుని లాగౌట్ అయ్యా. నా మట్టుకు నేను అల్ గోర్‌ని అనుకున్నా ఆ రాత్రి.

తొమ్మిదో వారం మెయిల్ వచ్చింది. సభ విలువైన సూచనలకు ధన్యవాదాలు, నాణ్యత దృష్ట్యా ఈ బ్యాచ్‌కి కోర్సు టీమే మార్కులు వేస్తుంది అని.

అంటే నేను కోరుకున్నదే జరిగింది. నిజానికి నేను ఎగిరి గంతెయ్యాలి. కానీ చదివి ఎంత కోపం వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఓడిపోయినప్పుడు కూడా ఇంత మండలేదు. ఓటింగ్‌లో చిక్కు వచ్చింది, మళ్లీ పెడదాం అంటే ఒప్పుకునేవాళ్లం, కారణం కూడా ఉంది. అలా కాకుండా నిర్ణయాన్ని సూచన చేసేశారు, ఒక్క పదం మార్చి. ఉన్నదున్నట్టు అన్న మాట ఎటు పోయింది? టూల్ కావాలన్న ఎనిమిది మందితో కలిసి కంప్లైంట్ మీద నేనూ సంతకం పెట్టా, వాళ్లకి నేను ఏ పక్షమో తెలుసు, కాసేపు నమ్మలేదు.

విచిత్రం ఏంటంటే ఇదే పని మీద వాళ్ల దగ్గరే ఒక వీడియో ఉంది. ఫ్రాన్స్‌లో 2019-20లో వాతావరణం మీద 150 మందితో పౌర సమావేశం పెట్టారు, ప్రతిపాదనలు ఫిల్టర్ లేకుండా ముందుకు పంపుతా అని అధ్యక్షుడు మక్రాన్ మాటిచ్చాడు. 149 వచ్చాయి. మూడు మొదట్లోనే పక్కన పెట్టాడు, మిగతావి చట్టం దాకా వచ్చేసరికి చాలావరకు నీరుగారాయి. 2021లో అదే సభ్యులు మళ్లీ కూర్చుని తమ ప్రతిపాదనలని ప్రభుత్వం ఎంతవరకు పట్టించుకుందో మార్కులేశారు, పదికి 3.3. లెక్చరర్ ఆ అంకె చెప్తూ నవ్వాడు కూడా. ఆ వీడియో లింకే మా కంప్లైంట్‌లో పెట్టాం. జవాబు ఇంకా రాలేదు.

తొమ్మిదో వారం డిజిటల్ ప్రజాస్వామ్యం, సగం సోషల్ మీడియా మీద పాత తిట్లే. తైవాన్‌లో వాడిన పోలిస్ (Pol.is, జనం అభిప్రాయాలు సేకరించే ఆన్‌లైన్ టూల్) గురించి ఒక మంచి ముక్క ఉంది, అందులో రిప్లై బటన్ ఉండదు, ఒప్పుకుంటా, ఒప్పుకోను, వదిలేస్తా అని మాత్రమే నొక్కాలి, గొడవకి చోటే లేకుండా ఎక్కడ అందరూ కలుస్తున్నారో మ్యాప్ గీస్తుంది. పదో వారం రివిజన్. ఏమీ లేదు.

ఇక లేనివి. డబ్బు గురించి ఒకే ఒక స్లైడు, 2014లో గిలెన్స్, పేజ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో 1,779 విధాన అంశాలు తీసుకుని ధనికుల ఇష్టం, సామాన్యుల ఇష్టం వేరైనప్పుడు ఏది నెగ్గుతోందో చూసిన స్టడీ, అది పెట్టి వెంటనే తిప్పేశారు. దాని మీద వచ్చిన విమర్శలూ చెప్పలేదు, సమర్థనా చెప్పలేదు. రీడింగ్ లిస్టు మొత్తం యూరప్, అమెరికానే. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు ఒకే విలువ ఇచ్చి, సామాజిక, ఆర్థిక జీవితంలో ఆ సమానత్వం లేకపోతే ఆ వైరుధ్యం ఎన్నాళ్లు మోస్తాం అని 1949 నవంబర్ 25న అంబేడ్కర్ అడిగినది ఆ స్లైడు పక్కన పెడితే ఎంత బాగుండేది. రాజ్యాంగ నైతికత దానంతటదే పుట్టదు, పెంచుకోవాలి అని 1948లో ఆయన చెప్పినదాన్ని హంగరీ వారంలో పెట్టొచ్చు. ఫీడ్‌బ్యాక్‌లో రాశా, చూద్దాం.

రేటింగ్ ఐదుకి మూడున్నర. కంటెంట్‌కి నాలుగున్నర ఇచ్చేవాణ్ణి, ఆ మెయిల్‌కి ఒకటి కోశా. చేరేవాళ్లు ఒకటి, నాలుగు, ఐదు వారాలు అస్సలు వదలొద్దు, మూడో వారం యంగ్, మూఫ్ మాత్రం చూసి హాబర్‌మాస్‌ని ఒకటిన్నర స్పీడులో పెట్టుకోండి, లైవ్ సెషన్ రికార్డింగ్ రెండు రోజులే ఉంటుంది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దు. పౌరసభకి పేరు తప్పకుండా ఇవ్వండి. లాటరీలో వస్తే మొదటి రోజే చెయ్యెత్తి రెండు అడగండి, ఓటింగ్ వరస ఎవరు పెడతారు, మా నిర్ణయాన్ని మార్చాలంటే ఎవరి సంతకం కావాలి.

ఇంతకీ వ్యాసానికి నాకు 72 వచ్చాయి, టీమ్ వేసిందే. టూల్ ఎంత వేసేదో.